అడవి జంతువుకి కాలర్: చిప్ కంటే పట్టీతోనే ఎక్కువ టెన్షన్

హోస్ట్: మైక్ ఆన్‌లోనే ఉందన్నా, మొదలెట్టేద్దాం. పోయిన ఎపిసోడ్‌లో పలమనేరు, కుప్పం వైపు పొలాల మీద పడే ఏనుగుల గురించి మాట్లాడాం కదా, ఆ తర్వాత చాలామంది అడిగింది ఒకటే. ఫోన్ పోతే ఎక్కడుందో మ్యాప్‌లో కనపడుతుంది, అంత పెద్ద ఏనుగు ఎక్కడుందో ఎందుకు తెలియదు, మెడకి ఒక జీపీఎస్ కట్టేస్తే అయిపోద్ది కదా అని. మీరు హార్డ్‌వేర్ మనిషి, మీరే చెప్పండి.

ఇంజినీరు: మంచి ప్రశ్నే. కాకపోతే ఫోన్‌ని నువ్వు రోజూ రాత్రి చార్జింగ్‌లో పెడతావు, ఏనుగుకి ఎవరు పెడతారు? ఒక్కసారి కాలర్ కట్టాలంటే మత్తు ఇంజెక్షన్ కొట్టాలి, పశువైద్యుడు పక్కనే ఉండాలి, చుట్టూ ట్రాకర్లు, చాలా చోట్ల కుంకీ ఏనుగులు, అంటే శిక్షణ ఇచ్చిన మచ్చిక ఏనుగులు కూడా కావాలి, మత్తు ఎక్కువైనా కష్టమే తక్కువైనా కష్టమే. ఇంత చేసి కట్టాక మూడు నెలలకి బ్యాటరీ అయిపోయిందని మళ్ళీ వెళ్ళలేం. అందుకే చిప్ ఏది అన్నది తర్వాత సంగతి. ఎన్నేళ్ళు పనిచేయాలి, ఎంత బరువు మోయించొచ్చు, ముందు ఈ రెండూ తేల్చుకోవాలి.

హోస్ట్: బరువుకి లెక్కేమైనా ఉందా?

ఇంజినీరు: ఒంటి బరువులో 5 శాతం దాటకూడదని పాతకాలం లెక్క, ఇప్పుడు 3 శాతం లోపే అంటున్నారు. నా ఉద్దేశంలో అది కూడా సగం లెక్కే, ఎందుకంటే జంతువు నిలబడి ఉన్నప్పటి మాట అది. చీతా పరిగెత్తేటప్పుడు అదే కాలర్ మెడ మీద వేసే దెబ్బ ఆ కాలర్ బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా మొదట్లో వచ్చిన కాలర్లతో పోలిస్తే ఇప్పుడు చాలా నయం. 1970లో అమెరికాలోని వయోమింగ్‌లో ఒక ఎల్క్‌ని, అంటే పెద్ద జాతి దుప్పి అనుకో, నింబస్-3 ఉపగ్రహంతో ట్రాక్ చేశారు, దానికి మోనిక్ అని పేరు కూడా పెట్టారు. కాలర్ పది కిలోల పైనే!

హోస్ట్: పది కిలోలా! సరే, బ్యాటరీ సంగతి చెప్పండి. రీచార్జబుల్ పెట్టి పైన చిన్న సోలార్ ప్యానెల్ పెడితే?

ఇంజినీరు: పెట్టారు, జీబ్రాల మీద. దాని సంగతి చెప్తాను ఆగు. మామూలుగా అయితే లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్స్ వాడతారు, 3.6 వోల్టులు, రీచార్జ్ కావు. మన పాత టార్చిలైట్లో వేసే పెద్ద సెల్ సైజుది వంద గ్రాముల లోపే ఉంటుంది, దాదాపు 19 ఆంపియర్-అవర్స్, అంటే సెల్ మొత్తం మీద ఇవ్వగలిగే కరెంటు కొలత, ఇస్తుందని డేటాషీట్‌లో రాస్తారు. ఆ అంకె చూసి మురిసిపోకూడదు, అది కరెంటు చాలా నెమ్మదిగా తీసుకుంటే వచ్చే లెక్క. ఈ సెల్‌ని నెలల తరబడి వాడకుండా ఉంచితే లోపల ఒక పొర కడుతుంది, తర్వాత రేడియో ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజ్ ధడేల్‌మని పడిపోయి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. ల్యాబ్‌లో కొత్త సెల్‌తో టెస్ట్ చేస్తే ఇది కనపడదు, అడవిలో ఏడాది తర్వాత కనపడుతుంది. పక్కన ఒక మంచి కెపాసిటర్, అంటే కాస్త కరెంటు దాచిపెట్టుకునే భాగం, పెట్టి, దాన్ని మెల్లగా నింపుకుని, రేడియోకి కావాల్సింది అందులోంచి ఇవ్వాలి.

హోస్ట్: మరి జీపీఎస్ కరెంటు ఎక్కువ తాగదా?

ఇంజినీరు: తాగుతుంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలని 30 సెకన్లకోసారి మళ్ళీ మళ్ళీ పంపుతుంటుంది. అవి చేతిలో లేకపోతే రిసీవర్ కనీసం అర నిమిషం మేలుకుని వినాలి. ఉంటే కొన్ని సెకన్లలో లొకేషన్ వచ్చేస్తుంది. ఆ వివరాలు ఓ నాలుగు గంటల దాకా పనికొస్తాయి. అందుకే ఆరు గంటలకోసారి కాకుండా గంటకోసారి లొకేషన్ తీసుకుంటే డేటా ఆరు రెట్లు వస్తుంది గానీ బ్యాటరీ ఖర్చు ఆరు రెట్లు అవ్వదు, అంతకంటే బాగా తక్కువతో పోతుంది. ఆ లొకేషన్‌ని మన దాకా పంపడమే అసలు ఖర్చు.

హోస్ట్: సిమ్ కార్డ్ పెడితే?

ఇంజినీరు: సిగ్నల్ ఉన్నచోట బాగానే ఉంటుంది. కెన్యాలోని ఓల్ పెజెటాలో కిమాని అనే మగ ఏనుగు రైతుల పొలాల మీద పడుతుంటే, సేవ్ ది ఎలిఫెంట్స్ అనే సంస్థ వాళ్ళు దాని కాలర్లో సిమ్ పెట్టి మ్యాప్‌లో ఒక గీత గీశారు. అది గీత దాటితే చాలు, సిబ్బందికి ఎస్ఎంఎస్ వచ్చేది, వాళ్ళు వెళ్ళి తోలేసేవాళ్ళు. మన చిత్తూరు రైతులకి కావాల్సింది సరిగ్గా ఇదే. టవర్ లేని లోపలి అడవికైతే ఇరిడియం లాంటి ఉపగ్రహం, అది నెలనెలా బిల్లు. లోరా, అంటే తక్కువ కరెంటుతో చిన్న చిన్న సందేశాలు దూరం పంపే రేడియో, పెడితే బిల్లు ఉండదు, మన దగ్గర 865-868 మెగాహెర్ట్జ్‌కి లైసెన్స్ కూడా అక్కర్లేదు, కానీ గుట్టల మీద రిసీవర్లు నువ్వే పెట్టుకోవాలి. ఏది పెట్టినా పక్కన పాతకాలం వీహెచ్ఎఫ్ రేడియో బీకన్ ఒకటి ఉంచుకోవాలి, టిక్ టిక్ అంటూ ఉంటుంది, మిగతావన్నీ చచ్చిపోయినా యాంటెన్నా పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి పట్టుకోవచ్చు.

హోస్ట్: జీబ్రాలు అన్నారు?

ఇంజినీరు: జీబ్రానెట్. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో మార్గరెట్ మార్టొనోసి వాళ్ళ ప్రాజెక్టు, 2004 జనవరిలో కెన్యాలో జీబ్రాలకి కట్టారు. అక్కడ టవర్లు లేవు, ఉపగ్రహానికి పంపితే కరెంటు చాలదు. రెండు జీబ్రాలు దగ్గరికొచ్చినప్పుడు వాటి కాలర్లు డేటా ఇచ్చిపుచ్చుకుంటాయి, రీసెర్చర్ల జీపు ఏదో ఒక జీబ్రా దగ్గరికి వెళ్తే చాలు, అది కలిసిన మిగతా జీబ్రాల సంగతులు కూడా వచ్చేస్తాయి. మన ఊళ్ళల్లో సంతకి వెళ్ళొచ్చినాయన నాలుగూళ్ళ కబుర్లు మోసుకొచ్చినట్టు. బ్యాటరీ నింపడానికి కాలర్ చుట్టూ సోలార్ సెల్స్ పెట్టారు. నాకు ఇందులో నచ్చింది సర్క్యూట్ కాదు, జీవశాస్త్రం వాళ్ళని మొదటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. మైదానపు జీబ్రాల్లో ఒక మగదీ కొన్ని ఆడవీ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, ఒకదానికి కడితే కుటుంబం మొత్తం తెలిసినట్టే. ఏనుగుల్లోనూ అంతే, గుంపులో ఒక పెద్ద ఆడ ఏనుగుకి కడితే చాలు. ఒంటరి మగ ఏనుగులకి మాత్రం దేనికది కట్టాల్సిందే, మరి ఎక్కువ గొడవ చేసేవి అవే.

హోస్ట్: ఇంతకీ ఈ ఎపిసోడ్ టైటిల్‌లో చిప్ కంటే పట్టీతోనే టెన్షన్ అని పెట్టాం, అదేంటి?

ఇంజినీరు: మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్క్ గుర్తుందా? 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలు, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు వచ్చాయి. అన్నిటికీ కాలర్లు. జూలైలో వానలు పడుతుంటే తేజస్, సూరజ్ చనిపోయాయి, ఆగస్టు మొదట్లో ఇంకొకటి. మెడ మీద, వీపు మీద పుళ్ళు, వాటిలో పురుగులు, ఆ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. కాలరే కారణమా అని పెద్ద వాదన నడిచింది, ప్రభుత్వం మొదట్లో కాదంది. దక్షిణార్ధగోళంలో జూన్ నుంచి చలికాలం, చీతాలకి దట్టంగా బొచ్చు పెరుగుతుంది. ఇక్కడికి వచ్చినా ఒంటికి పాత క్యాలెండరే. ఆ బొచ్చు మన వానకి తడిసి పట్టీ కింద ఆరకుండా ఉంటే ఈగలు వాలి గుడ్లు పెడతాయి. నాకైతే ఈ వివరణే సబబుగా అనిపిస్తుంది. తర్వాత చీతాలని పరీక్షలకి పట్టుకుని కాలర్లు తీశారు. నిర్వా అనే ఆడ చీతా కాలర్ అంతకుముందే పనిచేయడం మానేసింది, దాన్ని వెతికి పట్టుకోడానికి మూడు వారాలు పట్టింది! అంటే ఉంటే పుండు, లేకపోతే జంతువే కనపడదు.

హోస్ట్: మరి పట్టీ ఎలా ఉండాలి?

ఇంజినీరు: వదులుగా ఉంటే ముందు కాలు ఇరుక్కుంటుంది, బిగువుగా ఉంటే కోస్తుంది. మగ దుప్పులకి జత కట్టే కాలంలో మెడ ఉబ్బుతుంది, పిల్లలైతే పెరుగుతూనే ఉంటాయి. నీళ్ళు పీల్చని మెటీరియల్ కావాలి, అంచులు గుండ్రంగా తీయాలి. బ్యాటరీని గొంతు కిందకి వేలాడదీస్తే ఆ బరువుకి జీపీఎస్ యాంటెన్నా ఎప్పుడూ పైకే ఉంటుంది, ఆకాశం కనపడుతుంది. ఇక పని అయ్యాక ఊడిపోవాలి. టైమర్‌తో తెరుచుకునే లాక్ ఉంటుంది, అది మొరాయిస్తే అని పట్టీలో ఒకచోట కాటన్ ముక్క కుడతారు, అది ఎండకీ వానకీ చీకి దానంతటదే తెగిపోతుంది. అన్ని పార్టుల్లోకీ నాకు నమ్మకం ఉన్నది ఆ కాటన్ మీదే.

హోస్ట్: చివరిగా, ఇంజినీరింగ్ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేస్తామంటున్నారు.

ఇంజినీరు: చేయమను, కానీ అడవి వైపు వెళ్ళొద్దను. షెడ్యూల్-1 జంతువుని, అంటే చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోని జంతువుని, పరిశోధన కోసం పట్టుకోవాలన్నా కేంద్రం అనుమతి ఉండాలి, వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. ముందు బర్రెకి కట్టమను. బురదలో పొర్లుతుంది, చెట్టుకి గీరుకుంటుంది, చెరువులో మెడ దాకా మునుగుతుంది, వానాకాలం మొత్తం తడుస్తుంది. ఒక సీజన్ తట్టుకుంటే అప్పుడు మాట్లాడదాం.

హోస్ట్: బర్రెకి అనుమతి అక్కర్లేదా?

ఇంజినీరు: పాలు పితికే ఆవిడది కావాలి. రోజూ పొద్దున, సాయంత్రం దగ్గరికెళ్ళేది ఆవిడే కదా, పట్టీ కింద చర్మం ఎర్రబడితే మీ సెన్సార్ల కంటే ముందు ఆవిడే చెప్పేస్తుంది.