59 రోజుల చేప: పగడపు దిబ్బల మీద బుల్లి గోబీ

[తెర నిండా పగడపు గడ్డ. మాట లేదు. అయిదు సెకన్లు.]

ఈ షాట్‌లో ఒక చేప ఉంది. కనబడిందా?

[మెల్లగా జూమ్. చిన్న గుంత అంచున ఆగాలి.]

అదిగో, ఆ గుంత అంచున. కదిలేదాకా పగడం మీది మచ్చే అనుకుంటాం. ఒళ్లంతా సగం పారదర్శకం, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. చేపంటే నీళ్లలో ఈదుతూ తిరగాలి కదా, ఇదేమో రోజంతా పగడాన్ని అంటిపెట్టుకునే కూర్చుంటుంది. దీని పేరు పిగ్మీ గోబీ, శాస్త్రీయ నామం ఎవియోటా సిగిల్లేటా. పొడవు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. మీ చూపుడు వేలి గోరు మీద పెడితే తోక కాస్త బయటికి వస్తుంది, అంతే.

చిన్న చేపలు సముద్రంలో బోలెడున్నాయి, దీనికన్నా చిన్న గోబీలూ ఉన్నాయి. దీని ప్రత్యేకత ఆయుష్షు. ఇప్పటిదాకా నమోదైన లెక్కలో ఇది ఎక్కువలో ఎక్కువ బతికింది 59 రోజులు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తక్కువ ఆయుష్షు ఇంకదేనికీ నమోదు కాలేదు.

[గ్రేట్ బారియర్ రీఫ్ మ్యాప్.]

ఈ సంగతి 2005లో బయటపడింది. ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ యూనివర్సిటీకి చెందిన మార్షల్ డెప్‌జిన్‌స్కీ, డేవిడ్ బెల్‌వుడ్ గ్రేట్ బారియర్ రీఫ్ చేపల మీద చేసిన పరిశోధన అది.

సరే, చేపకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా. 59 రోజులని అంత కచ్చితంగా ఎలా చెప్పారు? నాకైతే అసలు కథ ఇదే.

[మైక్రోస్కోప్ బొమ్మ: గుండ్రటి పొరలు.]

చేప తలలో, చెవి లోపల, చిన్న రాళ్లుంటాయి. వాటిని ఒటోలిత్‌లు అంటారు. ఇంత బుల్లి గోబీలో ఆ రాయి ఆవగింజలో అరభాగం కూడా ఉండదు. దాన్ని బయటికి తీసి, పల్చగా అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెడితే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు కనబడుతుంది. పొర చుట్టూ పొర. రోజుకొక పొర. చెట్టు మానులో ఏడాదికో వలయం పడుతుంది, ఇక్కడ తెల్లారితే ఒకటి పడుతుంది. లెక్కపెట్టుకుంటూ పోవడమే. లోపలి నుంచి కొన్ని వలయాలు దాటాక వాటి తీరు ఒక్కసారిగా మారిపోతుంది. పిల్ల చేప సముద్రంలో తేలడం మానేసి పగడం మీద వాలిన రోజు గుర్తు అది.

ఆ వలయాల్లోంచి మొత్తం జీవితం చదవొచ్చు. మొదటి మూడు వారాలు లార్వాగా నీళ్లలో తేలుతూ గడిచిపోతాయి. తర్వాత దిబ్బ మీద వాలుతుంది. ఒకటి రెండు వారాల్లో ఈడుకొస్తుంది. పెద్దదయ్యాక మిగిలేది మహా అయితే మూడున్నర వారాలు. అంటే బాల్యం తీసుకున్నంత టైమైనా దాని సంసారానికి దక్కదు.

[రెండు ఫొటోలు పక్కపక్కన: ఆఫ్రికా కిల్లీ చేప, పిగ్మీ గోబీ.]

దీనికి ముందు ఈ రికార్డు ఆఫ్రికాలోని ఒక కిల్లీ చేపది. దాదాపు 12 వారాలు. అది బతికేది వాన నీటి గుంటల్లో. గుంట ఎండేలోపు గుడ్లు పెట్టెయ్యాలి, కాబట్టి దాని తొందర అర్థమవుతుంది. మరి సముద్రం ఎండదు కదా, గోబీకి ఎందుకింత టెన్షన్?

ఎందుకంటే దిబ్బ మీద దీన్ని తినని వాళ్లు లేరు. ఎవియోటా జాతుల్లో రోజుకు 7 నుంచి 8 శాతం చేపలు పోతుంటాయని లెక్క తేలింది. వినడానికి చిన్న అంకెలా ఉంది. ఇవాళ వంద చేపలున్నాయనుకోండి. రేపటికి 92. తొమ్మిదో రోజుకు సుమారు సగం. పాతిక రోజులకు పదిహేను మిగిలితే గొప్ప. అలాంటి చోట నెల తర్వాత పిల్లల్ని కందామని ఆగిన చేప వంశం మిగలదు. త్వరగా ఎదిగి, త్వరగా గుడ్లు పెట్టినవే మిగిలాయి.

గుడ్లు కూడా ఎన్నో పెట్టదు. ఒక ఆడచేప జీవితం మొత్తంలో మూడుసార్లు, అన్నీ కలిపి 400 దాకా. లక్షల్లో గుడ్లు వదిలే సముద్రపు చేపల ముందు ఇదెంత! అందుకే వాటిని గాలికొదిలెయ్యదు. గుడ్లను పగడపు సందుల్లో అంటిస్తే, మగచేప పక్కనే కాపలా కాస్తుంది. చేతిలో ఉన్నవి కొన్ని రోజులే, అందులోనూ కొన్ని ఈ కాపలాకే పోతాయి.

[దిబ్బ మొత్తం కనిపించేలా వైడ్ షాట్.]

ఇక దిబ్బ వైపు నుంచి చూద్దాం. పగడాల చుట్టూ ఉండే నీళ్లలో పోషకాలు తక్కువ. అయినా ఇన్ని చేపలు ఎలా బతుకుతున్నాయన్నది డార్విన్ కాలం నాటి ప్రశ్న. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇందులో కొంత ముడి విప్పింది. దిబ్బల మీద వేట చేపలకు ఆహారమయ్యే చేప మాంసంలో దాదాపు 60 శాతం, గోబీల్లాంటి దాగి బతికే బుల్లి చేపలదేనట. ఏ క్షణంలో చూసినా వాటి మొత్తం బరువు తక్కువే. కానీ తిన్నకొద్దీ కొత్తవి వచ్చేస్తుంటాయి. చాలా చేపల లార్వాలు సముద్రంలో దూరం కొట్టుకుపోతే, వీటివి ఎక్కువగా పుట్టిన దిబ్బ దగ్గర్లోనే ఉండిపోతాయి. కాబట్టి ఖాళీ అయిన గుంత ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు.

[మళ్లీ మొదటి గుంత. క్లోజప్.]

మనం మొదట చూసిన గుంత ఇదే. ఈసారి ఇంకా లోపలికి చూడండి. గోడకు అంటుకుని గాజు పూసల్లా కనబడుతున్నవి గుడ్లు. ప్రతి పూసలో రెండు నల్ల చుక్కలు, అవి పిల్లల కళ్లు. అడ్డంగా ఉన్నది తండ్రి. ఈ గుడ్లు పగిలి, లార్వాలు బయటి నీళ్లలోకి వెళ్తాయి. అక్కడి నుంచి వాటి చెవిలో రాయి మీద ఒక్కో వలయం పడుతూ పోతుంది.