తాబేలు కాళ్లు నరుక్కోదు

అందరికీ నమస్కారం.

శ్రీకూర్మం గుడికి వెళ్లినవాళ్లు ఆవరణలో నక్షత్ర తాబేళ్లను చూసే ఉంటారు. వేలు తగిలిందంటే తల, కాళ్లు డిప్పలోకి లాగేసుకుని రాయిలా పడుంటుంది. అలికిడి తగ్గాక ముక్కు కొస మెల్లగా బయటికొస్తుంది, ఆపైన కాళ్లు. మళ్లీ ఆకు దగ్గరికి నడుస్తుంది. గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడికి, అంటే బుద్ధి నిలకడగా ఉన్నవాడికి, చెప్పిన పోలిక ఇదే. తాబేలు కాళ్లు నరుక్కోదు. అహంకారాన్ని చంపేయమని బోధించేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

వేదాంతం అంతఃకరణాన్ని, అంటే మన లోపలి పనిముట్టును, నాలుగుగా చెప్పింది. ఊగిసలాట మనసుది, నిశ్చయం బుద్ధిది, జ్ఞాపకం చిత్తానిది, 'నేను, నాది' అనడం అహంకారానిది. అదే లేకపోతే పేరు పెట్టి పిలిచినా పలకం. పనిముట్టు యజమాని పీట మీద కూర్చోవడమే చిక్కు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులున్నాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ చూసేది మన లోపలి సాక్షి, పోట్లాటకు రాదు. తినే పక్షి గోలలో దాని ఉనికే మనకు తెలియదు, అంతే.

దగ్గరగా చూద్దాం. ఉభాల (వరినాట్ల) ముందు గట్టు చెక్కుతూ తమ్ముడు జానెడు అన్న మడిలోకి జరిగాడు. అన్న వచ్చి అనే మొదటి మాటలో నేల ఊసే ఉండదు. "నన్నడక్కుండా ఎలా సెక్కేసినావురా?" అంటాడు. జానెడు మట్టి పారతో ఒక్క పూటలో తిరిగి వేసేయొచ్చు. ఆ 'నన్ను' మాత్రం పిల్లల పెళ్లిళ్ల దాకా పూడదు.

అది నోటికి రాకముందే ఒంట్లో తెలుస్తుంది. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పట్టుకోవలసింది అక్కడే. మాట వచ్చేశాక ఆలస్యమే. మూడుసార్లు ఊపిరి తీసి, తీసినదానికి రెట్టింపు సేపు విడవండి. తర్వాత అదే సంగతిని 'నన్ను', 'నా' లేకుండా చెప్పుకోండి: "గట్టు జానెడు జరిగింది. కొలవాలి." ఇక పని మిగులుతుంది. తాడు పట్టుకెళ్లి కొలవండి, తేడా ఉంటే గట్టిగానే అడగండి. ఊరుకోమని ఎవరూ అనడం లేదు.

ఈ సాధన చెడిపోయే దారులున్నాయి. కోపాన్ని మింగేసి శాంతం అనుకోవడం ఒకటి. గీత తర్వాతి శ్లోకమే హెచ్చరిస్తుంది: తిండి మానినవాడికి ఇంద్రియ సుఖాలు దూరమవుతాయి గానీ వాటి మీది రుచి పోదు. మింగిన కోపం ఏ పెళ్లి భోజనాల దగ్గరో బయటపడుతుంది. "నా అంత పాపి లేడు" అని కుమిలిపోవడం ఇంకొకటి, అందులోనూ పెద్దపీట 'నా'కే. అన్నిటికన్నా గడుసుది భక్తి వేషం వేసుకున్న అహంకారం. మాల వేసుకున్న 41 రోజులూ పక్క స్వామి ఎన్నింటికి స్నానం చేశాడో లెక్కపెడుతుంది. అహం తగ్గిందని సంతోషపడేదీ అదే. దీన్ని సాధకుడు తనంతట తాను పట్టుకోవడం కష్టం. ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకు తెలుస్తుంది.

పడుకునే ముందు పది నిమిషాలు కేటాయించండి. రోజంతా తవ్వొద్దు, ఒక్క సంఘటన చాలు. మొదటి వారం గట్టు తగాదా అంత పెద్దది ఎత్తుకోకండి. కూర చల్లారిపోయిందని ఈ మధ్యాహ్నం కసిరిన మాటతో మొదలుపెట్టండి.