అనంతపురం గాలికి ఎన్ని పళ్ళ చైన్‌రింగ్?

అందరికీ నమస్కారం.

రోడ్ బైక్ కొనే కుర్రవాళ్ళు ముందుగా అడిగేది, “అన్నా, పెద్ద రింగ్ ఎన్ని పళ్ళు?” అని. రింగ్ అంటే చైన్‌రింగ్, పెడల్ దగ్గర చైన్ తిరిగే పళ్ళ చక్రం; ఈ బైకులకు మామూలుగా పెద్దదొకటి, చిన్నదొకటి ఉంటాయి. 53 అంటే మొహం వెలిగిపోతుంది. 46 అంటే ఏదో తక్కువరకం అన్నట్టు చూస్తారు. మన అనంతపురం చుట్టుపక్కల తొక్కేవాళ్ళకు ఆ 46 ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

లెక్క చిన్నదే. ముందు రింగ్ పళ్ళను వెనుక చక్రం దగ్గరున్న గేరు పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే పెడల్ ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 25 మిల్లీమీటర్ల టైరుకు చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. ముందు 50, వెనుక 17 అయితే 6.2 మీటర్లు. ముందు 53, వెనుక 18 వేసినా అంతే! కాబట్టి ముందున్న అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు.

ఇక గాలి సంగతి. ఆషాఢంలో కళ్యాణదుర్గం రోడ్డు పట్టినవాళ్ళకు చెప్పే పనే లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదప్పా! గాలి లేనప్పుడు గంటకు 30 కిలోమీటర్లు పోయే మనిషి, 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అంతే బలం పెట్టినా సుమారు 20 దగ్గరే ఉంటాడు. నిమిషానికి 85 చుట్లు హాయిగా తొక్కాలంటే అప్పుడు చుట్టుకు 3.9 మీటర్లు చాలు. ముందు 50 ఉంటే వెనుక 27, 28 పళ్ళ దాకా ఎక్కాలి. అక్కడ చైన్ ఏటవాలుగా లాగుతుంది, కరకరమంటుంది, తొందరగా అరుగుతుంది. పోనీ చిన్న రింగ్ 34కి దించితే వెనుక 18 సరిపోతుంది. కానీ ఒక్కసారిగా 16 పళ్ళు తగ్గేసరికి కాళ్ళు గిర్రున తిరిగిపోతాయి, వెనుక రెండు మూడు గేర్లు వెంటనే సర్దుకోవాలి. గాలి తగ్గిన ప్రతిసారీ, పెరిగిన ప్రతిసారీ ఇదే గొడవ. ముందు 46 ఉంటే వెనుక 25తో పని జరిగిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి కదా, 46 చాలుతుందా అని అడుగుతారు. అదే బలంతో అప్పుడు 44 దాకా పోతారు. 46-12 గేరులో, అంటే ముందు 46, వెనుక 12 పళ్ళతో, నిమిషానికి 91 చుట్లు. ఇంకా 11 పళ్ళ గేరు మిగిలే ఉంది. 53-11తో 90 చుట్లు తొక్కితే 54 దాటుతుంది. రేసుల్లో స్ప్రింట్ కొట్టేవాళ్ళకు అది కావాలి. టిఫిన్ వేళకు ఇల్లు చేరాలనుకునే మనకెందుకు?

ఎత్తు మాటకొస్తే, బెంగళూరు మనకంటే దాదాపు 600 మీటర్లు ఎత్తులో ఉంది, కానీ ఆ ఎక్కుడు 200 కిలోమీటర్లకు పైగా పరుచుకుంది, కాళ్ళకు పెద్దగా తెలియదు. కడప దాటి గువ్వలచెరువు ఘాట్‌కు పోతే కథ వేరు. నూటికి ఆరు వాలున్న చోట మామూలు మనిషి గంటకు 10 కిలోమీటర్లు పోతే మెచ్చుకోవాలి. పాత 39-25 గేరులో అది నిమిషానికి 51 చుట్లు, అంటే ప్రతి తొక్కుడూ మోకాలి మీదే. 34-32లో 75 చుట్లు, ఊపిరి ఎగపోస్తుందేమో గానీ మోకాలు బతుకుతుంది.

కొనేముందు క్రాంక్, అంటే పెడళ్ళూ రింగులూ బిగించే చెయ్యి, చూసుకోండి. రింగ్ బోల్టులు ఉన్న వలయం వ్యాసం 130 మిల్లీమీటర్లయితే 38 పళ్ళకంటే చిన్న రింగ్ దానికి పట్టదు. ఐదు బోల్టుల 110 క్రాంక్ అయితే 34 పడుతుంది. అలాంటి 50-34, అంటే ముందు పెద్ద రింగ్ 50, చిన్న రింగ్ 34, ఉన్నవాళ్ళు క్రాంక్ మొత్తం మార్చనక్కర్లేదు, పెద్ద రింగ్ తీసి 46 వేస్తే చాలు. 46-30 కావాలంటే మాత్రం కొత్త క్రాంక్ తప్పదు.

రింగ్ మార్చి ఊరుకుంటే గేరు సరిగా పడదు. ముందువైపు డిరైలర్‌ను, అంటే చైన్‌ను ఒక రింగ్ నుంచి ఇంకో రింగ్‌కు నెట్టే భాగాన్ని, కిందికి దించాలి. దాని బయటి రేకుకూ పెద్ద రింగ్ పళ్ళకూ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, రూపాయి బిళ్ళ దూరేంత. ఫ్రేమ్‌కున్న బిగింపు అంత కిందికి రాని బైకులు కూడా ఉన్నాయి, డబ్బు కట్టేముందే చూసుకోండి. చైన్‌లో ఒక జత లింకులు తీయాల్సి రావచ్చు. వెనుక 32 వేసేవాళ్ళు వెనుక డిరైలర్ అంత పెద్ద పళ్ళ చక్రాన్ని అందుకుంటుందో లేదో మెకానిక్‌ను అడగండి. పంజరం, అంటే చైన్‌ను లాగి పట్టే దాని కింది భాగం, పొట్టిగా ఉన్నవి చాలావరకు 28, 30 దగ్గరే ఆగిపోతాయి.

నా బైక్ బయట స్టాండుకు ఎక్కించి పెట్టాను. మీ రింగ్ మీద చెక్కిన అంకె చూసుకుని రండి, ఒక్కొక్కరికీ లెక్క వేసి చెప్తాను.