జంట పాములు, వేరు కాపురాలు

శ్రోతలకు నమస్కారం.

పొలం గట్ల మీద రెండు జెర్రిపోతులు ఒకదానినొకటి పెనవేసుకొని, తలలు పైకెత్తి ఊగుతుండగా చూసినవారు మీలో చాలామందే ఉంటారు. మా ఊళ్లో దానిని పాముల సయ్యాట అనేవారు. వాటి మీద కొత్త తువ్వాలు పరిచి, తరువాత దానిని ఇంట్లో దాచుకుంటే కలిసివస్తుందని నమ్మేవారు. నిజానికి అక్కడ జరిగేది సరసం కాదు, కుస్తీ. సాధారణంగా ఆ రెండూ మగపాములే. ఒకదాని తలను మరొకటి నేలకు అదిమిపెట్టి, ఓడినదానిని ఆ చుట్టుపక్కల నుంచి తరిమివేయడానికే అంత పెనుగులాట. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ సరదాగా పాములను పెంచుకునేవారు కూడా, ఒకే పెట్టెలో రెండు పాములు చుట్టుకొని పడుకోవడం చూసి, సరిగ్గా ఇలాగే పొరబడుతుంటారు.

టెక్సస్‌లో ఉన్న మా అక్క కొడుకు ఒక కార్న్ స్నేక్ పిల్లను తెచ్చుకున్నాడు. విషం లేని, నారింజ రంగు మచ్చల పాము. అప్పటికి పెన్సిలంత లావు ఉండేది. పాపం ఒంటరిగా ఉందని తోడుగా మరొకదానిని కూడా తెచ్చి అదే గాజుపెట్టెలో వదిలాడు. రెండూ ఒకే చెక్కదొప్ప కింద ముద్దగా పడుకుంటే వీడియో తీసి పంపి, "ఎంత ప్రేమగా ఉన్నాయో చూడు మామయ్యా" అన్నాడు. పెట్టెను వెచ్చబరిచే పలక ఎక్కడ పెట్టావని అడిగాను. ఆ దొప్ప కిందే పెట్టాడట.

విషయమంతా అక్కడే ఉంది. మనకు చాలినట్టు పాముకు ఒంట్లో పుట్టే వేడి చాలదు. తిన్నది అరగాలంటే దాదాపు 30 డిగ్రీల వెచ్చదనం ఉన్న చోటు వెతుక్కోవాలి, భయం తీరాలంటే ఒళ్లు దాచుకునే చీకటి మూల కావాలి. ఆ పెట్టెలో ఆ రెండూ ఉన్నది ఒక్కచోటే. కాబట్టి అవి చేరింది ఒకదాని దగ్గరకు మరొకటి కాదు, రెండూ కలిసి ఆ చోటికే. వంటింటి త్రాసులో తూచి చూడమన్నాను. మూడు నెలలకు ఒకటి 38 గ్రాములు తూగింది, రెండవది 21 దగ్గరే ఆగిపోయింది. పాములు కరుచుకోకుండానే, కుక్కల్లా గుర్రుమనకుండానే పోటీ పడతాయి. బలహీనమైనది మేత మానేసి మౌనంగా చిక్కిపోతుంది.

మేత వేళ ఇంకొక ప్రమాదం ఉంది. ఒకే ఎలుకను రెండు పాములు చెరొక వైపు నుంచి మింగడం మొదలుపెడితే, మూతులు కలిసేచోట ఏదీ వదలకపోవచ్చు, పెద్దది చిన్నదానినే మింగివేయవచ్చు. అమెరికాలో ఉండే, విషం లేని కింగ్ స్నేక్ జాతికైతే సాటి పాము సహజాహారమే. మన తూర్పు కనుమల గిరినాగు, అంటే కింగ్ కోబ్రా, కూడా అటువంటిదే; దాని శాస్త్రీయ నామంలో మొదటి మాటకు పాములను తినేది అనే అర్థం.

పెట్టెలో కక్కిన మేత కనిపిస్తే, అది ఏ పాముదో చెప్పలేము. కొత్త పాము వెంట వచ్చిన పరాన్నజీవులు పాతదానికి సులువుగా అంటుకుంటాయి. అందుకే అనుభవజ్ఞులు కొత్తదానిని కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచుతారు. ఇక తోడు లేకపోతే పాము బతకదన్న బెంగ అక్కరలేదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 60 ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్ జాతి ఆడ కొండచిలువ, కనీసం 15 ఏళ్లుగా మగపాము దరిచేరకపోయినా, 2020లో ఏడు గుడ్లు పెట్టి అందరినీ ఆశ్చర్యపరచింది.

అలాగని పాములన్నీ ఏకాంతవాసులేనని తీర్మానించడమూ తొందరపాటే. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అనే చోట గార్టర్ పాములు వేల సంఖ్యలో సున్నపురాతి బిలాలలో కలిసి చలికాలం గడుపుతాయి. కెనడా పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చెదరగొట్టి వదిలిన గార్టర్ పిల్లలు మళ్లీ తమకు నచ్చిన పాముల దగ్గరకే చేరాయి. వీటిని విశాలమైన పెట్టెలో కలిపి పెంచేవారున్నారు, అయితే వారు కూడా మేత మాత్రం విడివిడిగానే పెడతారు. బ్రిటన్‌లో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం, పెంపుడు జీవి అవసరాలలో సాటి జీవులతో కలిసి ఉండడాన్నీ, వాటికి దూరంగా ఉండడాన్నీ ఒకే వరుసలో చేర్చింది. ఈ రెండవ అవసరాన్ని చట్టంలో రాయాలని తోచినవారెవరో గాని, పామును బాగా ఎరిగినవారే అనిపిస్తుంది. మన దేశంలోనైతే నాగుపామునో జెర్రిపోతునో పట్టి ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కనుక ఇక్కడ ఒక పెట్టెనా, రెండు పెట్టెలా అన్న ప్రశ్నే రాదు.

మేనల్లుడు రెండవ పెట్టె కొన్నాడు. వెచ్చటి వైపు ఒక దొప్ప, చల్లటి వైపు ఒక దొప్ప పెట్టి చిక్కినదానిని అందులోకి మార్చాడు. పన్నెండవ రోజున అది ఎలుకపిల్లను మింగిందని ఫోటో పంపాడు. పెద్ద పాము బెంగ పెట్టుకోలేదా అని మా అమ్మ అడిగింది. అది దొప్ప కింద ఆ రోజు కాస్త ఎక్కువ చోటు చాచుకొని పడుకుందట.