ఖాళీ స్టేడియం, నిండిన హుండీ

[తెరపై: ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం, మనుషులు లేని కుర్చీల వరుసలు]

నమస్కారం. 2020 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. కరోనా నిబంధనల కారణంగా ప్రేక్షకులను లోపలికి అనుమతించలేదు కాబట్టి టికెట్ల మీద ఆదాయమే లేదు. అయినా 'సాకర్ ఎయిడ్' అనే ఆ పోటీకి అంతకుముందు ఏ ఏడాదీ రానంత విరాళం అప్పుడే వచ్చింది. ఈ ఆట మైదానంలో కంటే ఇళ్లలోని టీవీల్లోనే ఎక్కువగా జరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గాయకుడు రాబీ విలియమ్స్, ఆయన మిత్రుడు జొనాథన్ విల్క్స్ కలిసి 2006లో దీన్ని ప్రారంభించారు. ఒకవైపు ఇంగ్లండ్, మరోవైపు మిగతా ప్రపంచం. రెండు జట్లలోనూ రిటైరైన ఫుట్‌బాల్ దిగ్గజాలు కొందరు, నటులు, గాయకులు, హాస్యనటులు కొందరు. వచ్చిన సొమ్ము యూనిసెఫ్ ద్వారా పిల్లల కోసం ఖర్చవుతుంది. ఐటీవీ ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. తొలి మ్యాచ్‌లో ప్రపంచ జట్టు తరఫున డీగో మారడోనా అంతటివాడు పెనాల్టీ గోల్ కొట్టినా, ఇంగ్లండే 2–1తో గెలిచింది.

[తెరపై: బంతిని ఆపే పాదం, నెమ్మదిగా కదిలే దృశ్యం]

ఆట నాణ్యత చూస్తే ఇది గొప్ప ఫుట్‌బాల్ కాదు. కానీ ఫుట్‌బాల్ ఎంత కష్టమైన విద్యో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదని నా అభిప్రాయం. మామూలు లీగ్ మ్యాచ్‌లో అందరూ ఆరితేరినవారే కావడం వల్ల గాలిలో వచ్చిన బంతిని పాదంతో ఆపడం మనకు సులువుగానే కనిపిస్తుంది. ఇక్కడ యాభై దాటిన మాజీ ఆటగాడు నాలుగు అడుగులు కూడా పరుగెత్తకుండా బంతిని కాలి కిందికి తెచ్చుకుంటే, పక్కనే వయసులో ఉన్న నటుడి మోకాలికి తగిలిన అదే బంతి గీత దాటి పోతుంది. 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్ కూడా ఇందులో ఆడాడు. వేగం ఒక విద్య, బంతిని వెంటబెట్టుకుని ఆ వేగంతో పోవడం మరో విద్య.

2014లో ప్రపంచ జట్టు శిక్షకుడిగా ఉన్న జోసే మొరీన్యో ఏకంగా మైదానంలోకి దూరి, బంతితో వెళ్తున్న గాయకుడు ఆలీ మర్స్‌ను కింద పడేశాడు. నిజమైన లీగ్‌లో అయితే పెద్ద గొడవయ్యేది. ఇక్కడ స్టేడియమంతా నవ్వింది.

2018, 2019, 2020 మ్యాచ్‌లు మూడూ సమంగా ముగిసి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లాయి. టీవీ ప్రేక్షకుడికి ఇదే అసలు విందు. ఆటంతా పదిమంది మధ్య దాక్కున్న నటుడు అప్పుడు ఒంటరిగా, గోల్ కీపర్‌కు ఎదురుగా నిలబడాలి. కెమెరా అతని ముఖాన్ని వదలదు.

[తెరపై: విరామ సమయం, విరాళాల ఫోన్ నంబరు ఉండే పట్టీ]

ప్రసారం నడుమ, తారలు యూనిసెఫ్ పనిచేసే ప్రాంతాలకు వెళ్లి తీసిన చిన్న చిత్రాలను చూపిస్తారు. ఒక నిమిషం క్రితం బంతిని తన్నబోయి గాలిని తన్నిన మనిషి గురించి నవ్వుకున్నవాళ్లం, మరుక్షణం పోషకాహారం అందని బిడ్డ కళ్లలోకి చూడవలసి వస్తుంది. చిత్రం అయిపోగానే మళ్లీ ఆట మొదలవుతుంది. ఈ కుదుపు కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే రాత్రంతా కన్నీళ్లే చూపిస్తే ప్రేక్షకుడు చానెల్ మార్చేస్తాడు. ఆట ఫలితం తేలలేదు కాబట్టి అతను కూర్చుంటాడు, కూర్చున్నాడు కాబట్టి ఆ చిత్రం చూస్తాడు, ఫోను చేతిలోనే ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వం కొన్నేళ్లలో ప్రజలిచ్చిన ప్రతి పౌండుకూ, ఒక పరిమితి వరకు, మరో పౌండు జోడించడంతో ఆ ఫోన్ కాల్‌కు విలువ పెరిగింది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేశాక, నవంబరు 30న తెలుగు సినీ తారలంతా 'మేము సైతం' అంటూ టీవీ తెర మీదికి వచ్చి, ఆడి పాడి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. ఇక్కడ మనం తారలను చూడటానికే కూర్చున్నాం. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ తారలు గోల్ ముందు తడబడితే చూద్దామని కూర్చుంటారు.