పూత చూసి కాపు లెక్క కట్టగలమా? చదరంగంలో బాల మేధావుల సంగతి

నమస్కారం. చదరంగం ఆడే పిల్లవాడు ఎవరైనా వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సామెత ప్రత్యక్షమవుతుంది: పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంటులోని ఏడేళ్ళ బాబు ఒక పోటీలో కప్పు గెలుచుకుని వచ్చినప్పుడూ ఇదే సామెత వచ్చింది, దాని వెనుకే "మరో గుకేశ్" (పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయిన కుర్రాడు) అన్న మాటా వచ్చింది. సాయంత్రానికి ఆ బాబు తండ్రి మా ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి బడి మానిపించి పూర్తిగా చదరంగంలోనే పెట్టేయమంటారా అని అడిగారు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వీడియో ఆ జవాబు కోసమే.

సామెతతో నాకు పేచీ లేదు, దాన్ని తిరగేసి చదవడంతోనే పేచీ. ప్రపంచ విజేత అయినవాడి బాల్యాన్ని వెనక్కి తిరిగి చూస్తే పరిమళం కనిపించే మాట నిజమే. అంతమాత్రాన పరిమళించిన ప్రతి పిల్లవాడూ ప్రపంచ విజేత అవుతాడని ఆ సామెత ఎక్కడా అనలేదు. అందుకే నేను మల్లెపువ్వును పక్కన పెట్టి మామిడి పూతను ఎత్తుకుంటాను. నూజివీడు వైపు తోట ఉన్న రైతును ఎవరినైనా అడగండి. మంచి ఏడాదిలో ఆకు కనిపించనంతగా చెట్టు పూస్తుంది, ఒక్కో గుత్తిలో వందల కొద్దీ పూలు ఉంటాయి. వాటిలో చాలా వరకు మగపూలే కాబట్టి అవి ఎలాగూ కాయ కట్టవు. మిగిలిన వాటిలో కొన్ని పొగమంచుకు మాడిపోతాయి, కొన్నింటిని తేనెమంచు పురుగు పీల్చేస్తుంది, పిందె కట్టినవాటిలోనూ సగానికి సగం ఈదురుగాలికి నేల రాలుతాయి. గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే అదే పదివేలు. పూత మీదే తోటను గుత్తకు తీసుకునే వ్యాపారి కూడా రాలబోయేదంతా మనసులో తీసేసుకునే ధర చెబుతాడు. మన వార్తా ఛానళ్ళకు ఆ వ్యాపారికి ఉన్న తెలివిలో పావు వంతు ఉన్నా నేను ఈ వీడియో చేయవలసిన పని ఉండేది కాదు.

చదరంగంలో అన్నిటికంటే పెద్దదైన గ్రాండ్‌మాస్టర్ హోదాకు మూడు నార్ములూ (పోటీల్లో గ్రాండ్‌మాస్టర్ స్థాయి ఆట చూపినందుకు వచ్చే గుర్తింపులు) 2500 రేటింగూ కావాలని ఈ ఛానల్ చూసేవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. మనం చూడవలసింది ఆ హోదా ఏ వయసులో వచ్చిందన్న లెక్కను. తర్వాతి కాలంలో ప్రపంచ విజేత అయిన అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్‌కు 1958లో 15 ఏళ్ళకు వచ్చింది. ఆ రికార్డును 1991లో జూడిత్ పోల్గర్ 15 ఏళ్ళ 4 నెలల వయసులో బద్దలు కొట్టింది. 2002లో సెర్గీ కర్యాకిన్ దాన్ని 12 ఏళ్ళ 7 నెలలకు దించాడు. 2021లో అభిమన్యు మిశ్రా 12 ఏళ్ళ 4 నెలల 25 రోజులకు తెచ్చాడు. మన గుకేశ్ 2019 జనవరిలో కర్యాకిన్ రికార్డును 17 రోజుల తేడాతో అందుకోలేకపోయాడు.

ఇప్పుడు ఈ వరుసలోంచి కర్యాకిన్‌ను తీసి, మాగ్నస్ కార్ల్‌సన్ పక్కన నిలబెడదాం. ఇద్దరూ 1990లోనే పుట్టారు. కర్యాకిన్ పన్నెండున్నర ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయితే, కార్ల్‌సన్ పదమూడు దాటాక 2004లో అయ్యాడు. ముందు పూసిన చెట్టు కర్యాకిన్‌దే. 2016 నవంబరులో న్యూయార్క్‌లో ఇద్దరూ ప్రపంచ టైటిల్ కోసం ఎదురుపడ్డారు. పన్నెండు ఆటలు 6-6తో సమమయ్యాక 30వ తేదీన జరిగిన రాపిడ్ టైబ్రేక్‌లో (తక్కువ సమయంలో ఆడి విజేతను తేల్చే ఆటల్లో) కార్ల్‌సన్ గెలిచాడు, ఆ రోజు అతని 26వ పుట్టినరోజు కూడా. కర్యాకిన్‌ను రాలిన పూత అనడం అన్యాయం, టైటిల్ పోరు దాకా వచ్చినవాడు నిలిచిన కాయే. అయితే వయసు లెక్కన దాదాపు పది నెలలు ముందు పూసినందుకు అతని కాయ కార్ల్‌సన్ కాయ కంటే పెద్దది కాలేదు. ఇక మన విశ్వనాథన్ ఆనంద్‌కు 1988లో ఈ హోదా వచ్చేసరికి 18 ఏళ్ళు నిండాయి. ఈనాటి కొలమానంతో చూస్తే ఆయనను ఎవరూ బాల మేధావుల జాబితాలో చేర్చరు, ఆయన మాత్రం ఐదుసార్లు ప్రపంచ విజేత అయ్యారు.

ఇంతకూ పిల్లలు చదరంగంలోనే ఇంత తొందరగా ఎందుకు పూస్తారు? పన్నెండేళ్ళ గొప్ప నవలా రచయితను గానీ, పన్నెండేళ్ళ గొప్ప న్యాయవాదిని గానీ మనం చూడం. ఆ పనులకు మనుషులతో పడిన అనుభవం కావాలి, చదరంగానికి అది అక్కరలేదు. అరవై నాలుగు గళ్ళ బయట ఏమీ లేదు, నియమాలు మారవు, తప్పు చేస్తే జవాబు నిమిషాల్లో వస్తుంది. అటువంటి చోట పసి మెదడు అమితమైన వేగంతో పోగు చేసుకునేది ఆకృతులను.

ఈ మాట నా ఊహ కాదు. అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రచురించిన ప్రయోగాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. (తెరపై ఒక నిజమైన ఆట మధ్యలోని బల్ల ఐదు సెకన్లు కనిపించి మాయమవుతుంది.) మీరు ఇప్పుడు చూసిన బల్లను ఖాళీ బల్ల మీద మళ్ళీ పేర్చమంటే ఎన్ని పావులు సరిగ్గా పెట్టగలరు? వారి ప్రయోగంలో కొత్తగా ఆడుతున్న వ్యక్తి సగటున నాలుగు పావులు పెడితే, మాస్టర్ సుమారు పదహారు పెట్టాడు. ఇక్కడి వరకు వింటే మాస్టర్ జ్ఞాపకశక్తి అమోఘం అనిపిస్తుంది. ఆ తర్వాత అవే పావులను ఏ ఆటలోనూ రాని విధంగా చిందరవందరగా పేర్చి చూపించారు. మాస్టర్ కూడా మూడు నాలుగు పావుల దగ్గరే ఆగిపోయాడు. అంటే అతను గుర్తుపెట్టుకున్నది విడివిడి పావులను కాదు, తాను వేలసార్లు చూసిన గుంపులను: కోట కట్టిన రాజు, అతని ముందు మూడు బంట్లు, పక్కన ఒక గుర్రం అన్నదంతా అతనికి ఒక్క ముక్కే, మనకు "నూజివీడు" అన్నది నాలుగు అక్షరాలు కాక ఒక్క మాట అయినట్టు. పదేళ్ళ పిల్లవాడు అలాంటి ముక్కలను వేల సంఖ్యలో పోగు చేసుకోగలగడం నిజంగా అద్భుతమే. అది అందరూ నడిచిన దారిని అందరికంటే వేగంగా నడవడం. దారి లేని చోట దారి వేయడం వేరే సంగతి, నేను మేధావి అన్న మాటను దానికే దాచుకుంటాను.

ఆ తేడా ఒకే పిల్లవాడిలో పక్కపక్కనే కనబడిన ఉదాహరణ ఒకటుంది. 1956లో న్యూయార్క్‌లో పదమూడేళ్ళ ఫిషర్ డొనాల్డ్ బర్న్‌తో ఆడుతూ 17వ ఎత్తులో తన మంత్రిని వదిలేశాడు. బల్ల మీద అతి విలువైన పావును ప్రత్యర్థి నోట్లో పెట్టి, తన ఒంటెను మరో గడికి నింపాదిగా జరిపాడు. దాని ఫలితం చాలా ఎత్తుల తర్వాత గానీ బయటపడలేదు. ఆ ఆటను శతాబ్దపు ఆట అన్నారు. అదే పోటీలో ఫిషర్ మొత్తం మీద పట్టిక దిగువ సగంలోనే ముగించాడన్న సంగతిని చెప్పేవారు తక్కువ. ఆ రోజుకు అతను పూతే. నన్ను అడిగితే, ఆ పూతలో కాయ ఉందని చెప్పింది అతని వయసు కాదు, ఆ ఒక్క ఎత్తు.

ఇప్పుడు ఒక ఫొటో చూపిస్తాను. (తెరపై 1920 నాటి నలుపు తెలుపు ఫొటో.) ఇది ఫ్రాన్స్‌లో తీసింది. చుట్టూ కూర్చున్నవారు గడ్డాలు పెంచిన పెద్దమనుషులు, ఎదురుగా నిలబడి వారందరితో ఒకేసారి ఆడుతున్నవాడు పోలండ్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ సామ్యూల్ రెషెవ్‌స్కీ. ఆ ఏడాదే అతని కుటుంబం అమెరికా చేరింది, ఊరూరా తిప్పి ప్రదర్శనలు ఇప్పించింది, చివరకు పిల్లవాణ్ణి బడికి పంపడం లేదని తల్లిదండ్రులు న్యూయార్క్‌లో కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. తర్వాత ఒక దాత చదివించడంతో రెషెవ్‌స్కీ కొన్నేళ్ళు పోటీలకు దూరంగా ఉండి, షికాగో విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివాడు. తిరిగి వచ్చి 1936లో అమెరికా ఛాంపియన్ అయ్యాడు, 1948లో ప్రపంచ టైటిల్ కోసం ఐదుగురు ఆడిన పోటీలో మూడో స్థానాన్ని పంచుకున్నాడు. ప్రపంచ విజేత మాత్రం కాలేదు. చరిత్రలో ఇంత ముందుగా పూసినవారు చాలా అరుదు, ఆయనకే ఆ ఆఖరి మెట్టు అందలేదు.

ఇక్కడ మీలో కొందరు పోల్గర్ అక్కచెల్లెళ్ళ పేరు ఎత్తుతారు. హంగరీకి చెందిన వారి తండ్రి లాస్లో మేధావులు పుట్టరు, తయారవుతారు అని నమ్మి, ముగ్గురు కూతుళ్ళకూ ఇంట్లోనే చదువు చెప్పి చదరంగం నేర్పించాడు. ఫలితం గొప్పది, కాదనను. పెద్దమ్మాయి సూజన్ మహిళల ప్రపంచ విజేత అయింది. నడిమి అమ్మాయి సోఫియా 1989లో రోమ్‌లో జరిగిన పోటీలో గ్రాండ్‌మాస్టర్లను చిత్తు చేసినా గ్రాండ్‌మాస్టర్‌కు ఒక మెట్టు కింద ఉన్న ఇంటర్నేషనల్ మాస్టర్ హోదా దగ్గరే ఆగింది. చిన్నమ్మాయి జూడిత్ మగవారితో కలిపి చూసే ప్రపంచ ర్యాంకింగులో ఎనిమిదో స్థానానికి ఎక్కింది. ఒకే తోట, ఒకే నీరు, ఒకే ఎరువు, మూడు చెట్లకు మూడు రకాల కాపు. తండ్రి సిద్ధాంతానికి రుజువుగా అందరూ చూపించే ఈ ఇల్లే నాకు అందులోని లోటును కూడా చూపిస్తుంది. సేద్యం లేనిదే కాపు రాదు, అయినా ఒకే సేద్యానికి ఒకే కాపు రాదు.

సేద్యం సంగతి వచ్చింది కనుక గుకేశ్ దగ్గరికి వద్దాం. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, తల్లిదండ్రులిద్దరూ వైద్య రంగంలో ఉన్నవారు. కొడుకు వెంట దేశదేశాలు తిరగడానికి తండ్రి తన ప్రాక్టీసును పక్కన పెడితే, ఇల్లు తల్లి జీతం మీద నడిచింది. అతని శిక్షకుడు విష్ణు ప్రసన్న చాలా కాలం కంప్యూటర్ ఇంజన్‌ను (మంచి ఎత్తులను లెక్కకట్టి చెప్పే ప్రోగ్రామును) దగ్గరికి రానివ్వలేదు, సొంతంగా లెక్క కట్టడం అలవాటు కావాలన్నది ఆయన పట్టుదల. మగ్గబెట్టిన పండుకూ చెట్టున పండిన పండుకూ ఉన్న తేడా అదే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, ప్రపంచ టైటిల్ పోరు పద్నాలుగో ఆటలో, డ్రా తప్ప మరొకటి కాదని అందరూ అనుకుంటున్న ముగింపులో గుకేశ్ గంటల తరబడి కదలకుండా కూర్చుని ఒత్తిడి పెడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చాడు. ఇద్దరి ఏనుగులూ ఒకదానికొకటి పోయాయి, మూలన ఇరుక్కున్న డింగ్ ఒంటె కూడా గుకేశ్ ఒంటెకు బదులుగా పోక తప్పలేదు, మిగిలిన బంట్ల ఆటలో గుకేశ్ రాజుదే పైచేయి. 58వ ఎత్తు దగ్గర ఆట ముగిసింది. 18 ఏళ్ళ గుకేశ్ ప్రపంచ విజేత, అంతకు ముందు ఆ రికార్డు 22 ఏళ్ళకు గెలిచిన కాస్పరోవ్‌ది. ప్రత్యర్థి తప్పు చేస్తే గెలిచాడని వెక్కిరించినవారు ఉన్నారు, వారితో నేను ఏకీభవించను. అవతలివాడు తప్పు చేసేదాకా బల్ల దగ్గర నిలబడగలగడమే ఈదురుగాలికి పిందె నిలబడడం.

సమయం మించిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. లెక్క: 1950లో మొదటిసారి ఈ హోదా ఇచ్చినప్పుడు గ్రాండ్‌మాస్టర్లు 27 మంది, ఇప్పటికి ఆ సంఖ్య రెండు వేలు దాటింది. 1886లో స్టైనిట్జ్ నుంచి గుకేశ్ వరకు ప్రపంచ విజేతలు 18 మందే. సాధన: అర్జెంటీనా ఆటగాళ్ళ మీద గోబే, కాంపిటెల్లి 2007లో చేసిన పరిశీలనలో మాస్టర్ స్థాయికి ఒకరికి మూడు వేల గంటలు చాలితే, మరొకరికి 23 వేల గంటలు పట్టింది. కాబట్టి పది వేల గంటల సాధనతో ఎవరైనా నిపుణులవుతారన్న సూత్రాన్ని పట్టుకుని పిల్లల టైమ్‌టేబుల్ వేయకండి. ఇంకొకటి, పరిమార్జన్ నేగి 2006లో 13 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. దాన్ని వైఫల్యం అనేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి, మహిళల్లో జూడిత్ రికార్డును దాటింది, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో 37 ఏళ్ళ వయసులో, బిడ్డ తల్లిగా, రెండోసారి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. పూతకూ ఈ కాపుకూ మధ్య ఇరవై రెండేళ్ళు.

మా అపార్ట్‌మెంటు బాబు తండ్రికి ఇదంతా చెప్పి, బడి మానిపించవద్దన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. బాబు మాత్రం ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తున్నాడు. పోయిన వారం గుర్రాన్ని నాకు ఊరికే అప్పగించి, ఓడిపోయి, కళ్ళు తుడుచుకుంటూనే పావులన్నీ మళ్ళీ పేర్చి, ఈసారి తెల్లవి తనకు కావాలన్నాడు.