డాలరు 90 దాటిన వారం: పలాసలో ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

(దృశ్యం: పలాస, కాశీబుగ్గ. జీడి పరిశ్రమ ఆవరణలో ఎండకు ఆరబోసిన పిక్కలు. వెనుక బస్తాల వరుస.)

వ్యాఖ్యాత: 2025 డిసెంబరు మొదటి వారంలో రెండు సంగతులు జరిగాయి. డాలరు తొలిసారి 90 రూపాయలు దాటింది. అదే వారం, డిసెంబరు 5న, రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 5.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది.

అర్థశాస్త్రం కొద్దిగా చదివినవారికి ఈ రెండూ పొసగవు. రూపాయి పడుతుంటే వడ్డీ పెంచి, విదేశీ పెట్టుబడి బయటికి పోకుండా ఆపుకోవాలి కదా! 2013లో మన రిజర్వు బ్యాంకు చేసింది అదే. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు తన బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని ఆ ఏడాది మే నెలలో మాట వచ్చింది. అంతే, 55 రూపాయల దగ్గరున్న డాలరు ఆగస్టు చివరికి 68 దాటింది. దాన్ని ఆపడానికి బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తీసుకునే అత్యవసర అప్పు మీద వడ్డీని జులైలో ఒక్కసారిగా 10.25 శాతానికి పెంచారు.

మరి 2025లో ఎందుకు తగ్గించారు?

(తెరపై: వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం, అక్టోబరు 2025: 0.25 శాతం)

కారణం ఈ అంకె. 2016 నుంచి వడ్డీ రేటును నిర్ణయిస్తున్నది ఆరుగురు సభ్యుల పరపతి విధాన కమిటీ. చట్టం దానికి అప్పగించిన పని ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం లోపల ఉంచడం. డాలరు ఇంతే ఉండాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. 2013లో దేశంలో ధరలు పది శాతం దగ్గర పెరుగుతున్నాయి, 2025 అక్టోబరులో దాదాపు పెరగనే లేదు. అందుకే రూపాయి పడుతున్నా వడ్డీ తగ్గించే వీలు చిక్కింది. రూపాయి పడిన ప్రతిసారీ దేశం పరువు పోయిందని టీవీల్లో గొంతు చించుకోవడం నాకైతే విసుగు. ఎవరి జేబులోంచి పోయింది, ఎవరి జేబులోకి వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి శ్రీకాకుళం జిల్లాలోని జీడి పరిశ్రమల ఊరు పలాస కంటే మంచి చోటు నాకు తట్టలేదు.

(దృశ్యం: ఒక బస్తా మూతి విప్పుతున్న చేతులు. పిక్కలు దగ్గరగా.)

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు తోటల్లో జీడి పంట మార్చి నుంచి మే వరకు. అదొక్కటే పరిశ్రమలకు ఏడాది పొడవునా చాలదు. అందుకే ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పిస్తారు. బేరం డాలర్లలోనే. ఇక్కడ బస్తా అంటే 80 కిలోలు. విదేశీ వ్యాపారంలో కూడా పిక్కల నాణ్యతను 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కతోనే చూస్తారు.

లెక్క కోసం బస్తా 120 డాలర్లు అనుకుందాం. 2022 మొదట్లో మాదిరిగా డాలరు 75 రూపాయలైతే బస్తాకు 9,000. డాలరు 90 అయితే 10,800. ఆఫ్రికాలో రైతు ఒక్క పైసా ధర పెంచలేదు, ఇక్కడ మాత్రం బస్తా 1,800 రూపాయలు పెరిగింది. బస్తాకు 48 పౌన్లు, అంటే సుమారు 22 కిలోల పప్పు వస్తుందనుకుంటే కిలో మీద 80 రూపాయల పైచిలుకు. పైగా దిగుమతి సుంకం విలువ మీద శాతంగా ఉంటుంది కాబట్టి, రూపాయి పడితే ఎవరూ పెంచకుండానే సుంకం కూడా పెరుగుతుంది.

(తెరపై: లాభం 1.25 లక్షలు. భారం 5 లక్షలు.)

వడ్డీ తగ్గింది కదా, అది కలిసిరాదా అంటారేమో. వస్తుంది. 2019 అక్టోబరు నుంచి చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) అప్పులను బ్యాంకులు రెపో లాంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలి. 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. రోజువారీ వ్యాపారానికి కోటి రూపాయల బ్యాంకు అప్పు (క్యాష్ క్రెడిట్) వాడే యజమానికి ఏడాదికి లక్షా పాతిక వేలు మిగులుతుంది. అదే ఏడాదిలో డాలరు సుమారు 85 నుంచి 90కి వెళ్లింది. కోటి రూపాయల దిగుమతి మీద అది అయిదు లక్షలకు పైగా అదనపు భారం. ఇందులో కొంత పప్పు ధరలో రాబట్టుకోవచ్చు. ఎంత అన్నది పండుగల గిరాకీ మీద ఉంటుంది.

తప్పించుకునే దారి ఒకటుంది. మూడు నెలల తర్వాత కట్టాల్సిన డాలర్లకు ఇవాళే బ్యాంకుతో రేటు ఖాయం చేసుకోవచ్చు. దీన్ని ఫార్వర్డ్ కాంట్రాక్టు అంటారు. దాని ఖర్చును ప్రధానంగా నిర్ణయించేది రెండు దేశాల వడ్డీల మధ్య తేడా. 2022 మొదట్లో మన రెపో 4 శాతం, అమెరికా వడ్డీ దాదాపు సున్నా. 2025 డిసెంబరులో మనది 5.25, వారిది 3.50 నుంచి 3.75 మధ్య. తేడా సగానికి పైగా తగ్గింది, ఆ మేరకు ఈ రక్షణ చవకైంది. అయితే ఇదే తేడా తగ్గడం వల్ల, రూపాయల్లో డబ్బు ఉంచడానికి విదేశీ పెట్టుబడిదారుకు ఆకర్షణ కూడా తగ్గింది. రూపాయి పడే భయం పెరిగినప్పుడే, ఆ భయానికి బీమా చవకగా దొరికింది. చిన్న యజమానులు దీన్ని దండుగ ఖర్చుగా చూడకుండా ఒకసారి బ్యాంకులో అడిగి చూడడం మేలని నా అభిప్రాయం.

(దృశ్యం: మందస వైపు జీడి తోట. పూత మీదున్న కొమ్మ.)

ఇప్పుడు అదే రూపాయిని తోట గట్టు మీద నిలబడి చూడండి. విదేశీ పిక్కలు దిగడం వల్లే తమకు గిట్టుబాటు ధర రావడం లేదని ఉద్దానం రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 2018-19 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఆ ఏడాదే అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను వేళ్లతో పెకలించింది. సుంకం పెంచాలన్నది రైతుల కోరిక. డాలరు 75 నుంచి 90కి పోవడమంటే విదేశీ పిక్కకు 20 శాతం ధర పెరగడమే, ఏ బడ్జెట్టూ ఇవ్వనంత రక్షణ. కాకపోతే ఆఫ్రికాలో పంట విరగకాసి ధర కూలితే ఈ రక్షణ ఎగిరిపోతుంది. రైతు దాన్ని నమ్ముకుని కూర్చోలేడు.

ఇక గల్ఫ్ ఇల్లు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి వైపు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లినవారు లేని ఊరు అరుదు. దుబాయ్ దిర్హం విలువ 1997 నుంచి డాలరుకు 3.6725గా కట్టేసి ఉంది. అందుకని డాలరు పెరిగితే దిర్హమూ పెరుగుతుంది. నెలకు వెయ్యి దిర్హంలు పంపితే డాలరు 75 ఉన్నప్పుడు ఇంటికి సుమారు 20,400 రూపాయలు, 90 అయితే 24,500. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు రూపాయల్లోనే ఉంది కాబట్టి అది త్వరగా తీరుతుంది. 2024-25లో విదేశాల నుంచి మనవాళ్లు పంపినది 135 బిలియన్ డాలర్ల పైమాటే.

ఆ కట్టేసిన దిర్హానికి ఒక ఖరీదుంది. అమెరికా వడ్డీ మారితే అబుదాబిలోని యూఏఈ కేంద్ర బ్యాంకు కూడా వెంటనే మార్చాలి, అక్కడ గిరాకీ ఎలా ఉన్నా సరే. కరెన్సీ స్థిరంగా ఉండాలి, డబ్బు స్వేచ్ఛగా రావాలి పోవాలి, వడ్డీ మన చేతిలో ఉండాలి: ఈ మూడూ ఏ దేశానికీ ఒకేసారి దక్కవు. దుబాయ్ మూడోది వదులుకుంది. చైనా రెండోదాన్ని బిగించింది. మనం ప్రతిదాన్నీ కొంచెం కొంచెం వదులుతూ మధ్యలో నడుస్తున్నాం.

ఆ మధ్య దారిలో నడవడానికి డాలర్ల నిల్వ కావాలి. 2022లో రూపాయి పతనాన్ని నెమ్మదింపజేయడానికి రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మింది. 2021 సెప్టెంబరులో 642 బిలియన్లున్న నిల్వ 2022 అక్టోబరుకు 525 దగ్గరకు దిగింది. అందులో కొంత నిల్వలోని ఇతర ఆస్తుల విలువ తగ్గడం వల్ల కూడా. డాలరు అమ్మినప్పుడు బదులుగా రూపాయలు బ్యాంకుల నుంచి రిజర్వు బ్యాంకులోకి వెళ్లిపోతాయి, బ్యాంకుల దగ్గర డబ్బుకు కటకట వస్తుంది. 2025 డిసెంబరు 5న వడ్డీ తగ్గింపుతో పాటు లక్ష కోట్ల రూపాయల బాండ్లు కొంటామని ప్రకటించడంలో మర్మం ఇదే. బాండ్లు కొని ఆ డబ్బు బ్యాంకుల్లోకి తిరిగి పోయకపోతే రెపో తగ్గినా అప్పు దొరకదు.

(దృశ్యం: పరిశ్రమ లోపల పప్పు మీద పొర తీస్తున్న మహిళల చేతులు. పక్కన పొట్టు కుప్ప.)

ఈ గదిలో కూలి కిలోల లెక్కన, రూపాయల్లో. డాలరు పెరిగిందని పెరగదు. వారి దగ్గరకు డాలరు వచ్చేది నూనె సీసాలో. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అక్టోబరులో 0.25 శాతం అన్న అంకె రావడానికి ప్రధాన కారణం కూరగాయలు, పప్పు దినుసుల ధరలు తగ్గడం. అదే నెలలో నూనెల ధరలు అంతకుముందు ఏడాది కంటే పది శాతానికి పైగా ఎక్కువగా ఉన్నాయి.